వృత్తి అనే గడి

మొంబాసాలో కోర్టు గుమాస్తాని నేను.
పదిహేడేళ్లుగా ఇదే కుర్చీ,
కుంటి కాలి కింద మడిచి పెట్టిన పాత సమన్ల కాగితం.
కిటికీలోంచి సముద్రం కనబడదు,
వాసన మాత్రం వస్తుంది.

ఫారంలో మొదటి గడి పేరు,
రెండోది వయసు, మూడోది వృత్తి.
న్గుంబావో, పంతొమ్మిది, లేదు.
కహిందీ, పదిహేడు, లేదు.
ట్సుమా, ఇరవై, లేదు.
ఒకనాడు పొద్దుగూకేలోగా ముప్పై ఒక్కసార్లు రాశాను ఆ మాట.
ఇంటికెళ్లాక మా చిన్నది రుకియా
పంచదార ఉందా అమ్మా అంటే
చూడకుండానే లేదన్నాను.
డబ్బా నిండా ఉంది.

నేరం గడి పెద్దది, అందులో కథ పడుతుంది:
కిసౌనీ సందు, దీపాల్లేని రాత్రి,
కొబ్బరికాయలు కొట్టే కత్తి,
ఒక ఫోను, ఒక చెవిపోగు, ఒక చెవి.
వృత్తి గడి బొటనవేలంత.
అక్కడ కథ రాసే చోటు ఎవరూ వదల్లేదు.

పోగొట్టుకున్నవాళ్ల పక్షమే నేను.
ఆ చెవి మా చెల్లెలు మ్వనకోంబోది.
ఇప్పటికీ తలగుడ్డ ఎడమవైపు కాస్త కిందికి లాక్కుంటుంది,
చేపలు బేరమాడుతున్నా సరే.

కోసినవాడు చెంగో. రెండేళ్లు లోపల.
విడుదల కాగితం మీదా అదే గడి.
అదే కలం, అదే మాట.
వాడు బయటికి నడిచాడు,
గేటు దగ్గర ఎటు తిరగాలో తెలియక
కాసేపు ఎండలో నిలబడ్డాడు.

ఆ ఏడే పాత రేవు దగ్గర
పడవలు కట్టే షెడ్డులో పన్నెండుమందికి
పని నేర్పి కూలి ఇస్తామన్నారు.
అర్జీలు మా ఆఫీసుకొచ్చాయి, నాలుగు వందలు.
కట్టలు నేనే కట్టాను. దారం చాల్లేదు.
చెంగో అర్జీ కట్ట పైకెలా వచ్చిందో
నన్నడగొద్దు.

ఒక శుక్రవారం చూడ్డానికి వెళ్లాను.
మేస్త్రీ అథుమానీ మాట తక్కువ మనిషి.
పలకకీ పలకకీ మధ్య
సొరచేప నూనెలో నానిన దూది కూరిస్తున్నాడు.
వేలు దూరని సందులోంచే సముద్రం దూరుతుందిరా,
అన్నాడు ఎవరితోనో, తలెత్తకుండా.

మొదటి నెలంతా చెంగో
బాడిసతో తన గోళ్లే చెక్కుకున్నాడట.
మూడో నెలకి చెయ్యి తిరిగింది.
చేతివాటం గలవాడు, అన్నాడు అథుమానీ మెచ్చుకోలుగా.
వాడి పాత కేసులో నేను రాసిన మాటా అదే.
వాడు నన్ను గుర్తుపట్టలేదు.
నేను పట్టాను, ముందు ఆ చేతుల్ని.
కాసేపు నా చెవి దానంతటదే వేడెక్కింది.

చెల్లెలికి ఆ రాత్రే చెప్పాను.
చాలాసేపు గిన్నె తోమింది, తోమిన గిన్నెనే.
కూలి సరిగ్గా ఇస్తున్నారా? అంది.

అందరూ ఒడ్డున పడ్డారని కాదు.
పన్నెండుమందిలో ఒకడు మళ్లీ నా బల్ల ముందుకొచ్చాడు.
వాడి గడిలో ఇరికించి రాశాను:
పడవపని, సగం నేర్చాడు.
మేజిస్ట్రేటు కళ్లజోడు సర్దుకుని
రెండుసార్లు చదివారు.

మిగతా మూడు వందల ఎనభై ఎనిమిది అర్జీలు
బీరువాలోనే ఉన్నాయి.
అప్పుడప్పుడు ఒక పేరు
బీరువాలోంచి దిగి ఫారం మీదికెక్కుతుంది.
సంతకం చూసి పోల్చుకుంటాను,
చివరి అక్షరం కింద ఆశగా గీసిన గీత చూసి.

ఈమధ్య మా వీధి చివర
కొత్త పోలీసు ఠాణాకి పునాది తవ్వారు.
తవ్వినవాళ్లు మా పేట కుర్రాళ్లే, రోజుకూలీకి.
రాత్రి పూట గోడవారగా కూర్చుని
అరచేతుల బొబ్బలు ఒకరికొకరు చూపించుకుని నవ్వుకునేవాళ్లు.
ఆ పదకొండు రోజులూ
మా సందులో ఎవరి ఫోనూ పోలేదు.

పునాది పూర్తయింది.
సోమవారం పొద్దున్నే
కొత్త ఫారాల కట్ట విప్పాను.