తారీఖు లేని సాక్ష్యం

ఆదివారం సాక్ష్యం చెప్పమన్నరు అయ్యగారు.
ఎన్నడు రక్షణ పొందినవో తారీఖు చెప్పాలె అన్నరు.

జకర్యకు తారీఖున్నది.
దేవరకొండ బస్టాండుల తాగి పడ్డ రాత్రి
ఎవరో చేతుల కరపత్రం పెట్టిన్రట,
పదకొండు గంటల పది నిమిషాలు.
ఏడుసార్లు విన్నం. ఏడుసార్లు ఏడ్సినం.

నా తాన గడియారం లేదు.

రేకుల గుడి యాదికున్నది.
ఎండకు రేకులు టిక్కుటిక్కుమనేటియి.
వచనం అప్పజెప్తె ఒక బెల్లంముక్క,
సలోమమ్మ కొంగుముడిల నుంచి.
ఆమెకు చదువు రాదు,
తప్పు చెప్తె మాత్రం చెవి పట్టుకునేది.
నేను బెల్లం కోసమే నేర్సిన.
ఈ ముచ్చట దేవునికి ఎప్పుడో చెప్పిన,
ఆయన ఏమనలే.

పదహారో ఏట మోటబాయిల బాప్తిస్మం.
మెట్ల మీద అందరు పాట అందుకున్నరు.
ముంచి లేపితె ఆకాశం చీలుతదనుకున్న.
ముక్కులకు నీళ్ళువొయ్యి దగ్గిన, అంతే.
మా చిన్నమ్మ తువ్వాల కప్పుకుంట
"చలివెడ్తున్నదా బిడ్డా" అన్నది.
ఇయ్యాల అనిపిస్తది,
ఆ మాటనే పావురమేమో.

తర్వాత కోత పండుగల కొట్లాట.
వేలంల నా గుమ్మడికాయ నాలుగు నూర్లు పలికితె
మార్తమ్మ నవ్వింది, తనది ఆరు నూర్లని.
మూడు నెలలు మాటల్లేవు.
మొదటి ఆదివారం రొట్టె పళ్ళెం మాత్రం
ఆమె చేతులకెల్లి నా చేతులకే వచ్చేది.
మొఖం చూడకుంట అందుకునుడు ఎంత కష్టమో
అందుకున్నోళ్ళకే ఎరుక.

ఇగ పిలగాడు.
నాలుగేండ్లోడు. మెదడువాపు. నల్లగొండ దవాఖాన.
సంఘమంత ఉపవాసమున్నరు.
పోయిండు.
రెండేండ్లు గుడి దిక్కు నడవలే నేను,
గంట కొడ్తె చెవులు మూసుకున్న.
వాక్యం చెప్పనీకి ఎవ్వలు రాలే.
అదొక్కటి మంచిగ చేసిన్రు.

మళ్ళ ఒకనాడు పోయిన, ఎందుకో తెల్వది.
పిడికెడు బియ్యం లెక్కల బుక్కు కంటవడ్డది.
ఎసట్ల పోసేముందు ప్రతి ఇంట్ల
గుడికని పక్కకు తీసే పిడికెడు.
నా పేరు ముంగట గీతలు.
నూటనాలుగు ఆదివారాలు, ఒక్కటి తప్పలే.
ఎవలు పోసిన్రు నా పిడికెడు?
అందరు చాప దిక్కు చూసిన్రు.
మార్తమ్మ చీపురు తీస్కొని బయటికి పోయింది.

ఆ దినం గూడ వెలుగేం కనవడలే.
ఇంటికొచ్చి చాటల బియ్యం పోసి
ఒక పిడికెడు పక్కకు తీసిన.
చెయ్యి వణికింది, గింజలు కింద పడ్డయి,
ఏరుకున్న.

ఇప్పుడు మోకాళ్ళు వంగయి.
అందరు మోకరిస్తె నేను నీలం కుర్సీల.
బెల్లం అప్పుడే కరిగిపోయింది,
వచనాలే ఇప్పుడు ఒక్కొక్కటి నోట్ల కరుగుతున్నయి.
చిన్నప్పటి బోరింగు నీళ్ళు ఎముకలు పట్టినయన్నడు డాక్టరు.
ఎన్నడు పట్టినయి సారూ అంటె నవ్విండు,
"తారీఖెక్కడిదమ్మా, రోజుకో చెంబు" అన్నడు.

ఈ జాగ మనిషికి వేరే చెప్పాల్నా
తాగింది ఎముకలకు ఎట్ల దిగుతదో.
విషం దిగినట్టె దయ గూడ దిగుతది,
సప్పుడు చెయ్యకుంట.
ఆ నీళ్ళు మోకాళ్ళను వంగనియ్యలే.
ఈ నీళ్ళు
లోపల ఎక్కడ్నో వంచినయి.

ఆదివారం కుర్సి పట్టుకొని లేసిన.
ఇవన్ని చెప్పాలనుకున్న.
పిలగాని పేరు కాడ గొంతు పట్టింది.
"తారీఖు లేదు అయ్యగారూ,
రోజుకో చెంబు" అని కూసున్న.

జరసేపు ఎవ్వలు మాట్లాడలే.
రేకులు టిక్కుమన్నయి.
ఈసారి ముందుగాల
జకర్య ఏడ్సిండు.