కిటికీని మోసుకెళ్లిన రోజు

ఊరి కింద ఇనుము తవ్వీ తవ్వీ
నేల గుల్లయింది.
కిరునాలో మా వీధులన్నిటికీ వచ్చిన ఉత్తరమే
గున్‌బోర్గ్ ఇంటికీ వచ్చింది:
మార్చి నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి.
సామాను మొయ్యడం మా పని,
నాదీ, యోవ్నాదీ.

ఇరవై రెండు పెట్టెలు, ఒక కుట్టుమిషను,
గని క్యాంటీన్లో ముప్పై ఏళ్లు తిప్పిన గరిటె.
అన్నీ లారీ ఎక్కాయి.
వంటింటి కిటికీ దగ్గర ఆగిపోయాం.

కుండీ చూస్తే టీకప్పుకి పెద్ద, చెంబుకి చిన్న.
అందులోంచి లేచిన హోయా తీగ
కర్టెన్ కడ్డీని చుట్టి, క్యాలెండర్ మేకుని చుట్టి,
చట్రానికి మూడు వైపులా పాకి
నాలుగో వైపు ఏముందా అని వంగి చూస్తోంది.
అద్దానికి అవతల మోకాటి లోతు మంచు.
ఇవతల మైనం పూసినట్టు మందపాటి ఆకులు,
ఒక్కదాని మీదా దుమ్ము లేదు.

"ఇంత తీగకి ఇంతే కుండీయా?" అన్నాను.
"ఇరుకైతేనే పూస్తుంది.
విశాలంగా ఉంటే వేళ్లు పెంచుకుంటూ కూర్చుని
పువ్వు సంగతి మర్చిపోతుంది."

యోవ్నా కుర్రాడు. కత్తెర తీశాడు.
ఆకుల్లేని బోడి కొస ఒకటి, మూరెడు పొడుగు,
గాల్లో వేలాడుతోంది. ఎండిందనుకున్నాడు.
ఆవిడ వాడి మణికట్టు పట్టుకుంది.
"ఎండలేదు, వెతుకుతోంది.
ముందు పట్టు దొరకాలి. ఆకు తర్వాత."

ఇక ఆపలేదు:
పువ్వు రాలిన కాడని తుంచకూడదట,
వచ్చే ఏడాది పువ్వు ఆ మొండి మీదేనట.
డిసెంబరులో సూర్యుడు మూడు వారాలు మొహం చూపించడు,
అప్పుడు నీళ్లు పొయ్యకూడదట.
"దానికి దాహం వెయ్యదు,
మనకే ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తుంది.
చేతులు కట్టుకుని ఉండటం నేర్చుకోడానికి
నాకు తొమ్మిదేళ్లు పట్టింది."

మొగ్గ తొడిగాక మాత్రం
కుండీని అంగుళం కూడా తిప్పకూడదు,
అని, తలెత్తి చూసింది.
మేమూ చూశాం.
ఆకుల కింద చిన్న గొడుగుల్లా గుత్తులు,
ఒక్కో మొగ్గా ఆవగింజంత.

ఎవరూ మాట్లాడలేదు.
ఎలాగూ సోమవారం బుల్డోజరు వస్తుంది కదా అని
నేను స్క్రూడ్రైవర్ తీశాను.
కిటికీ లోపలి చట్రాన్ని, కడ్డీతో, మేకుతో, తీగతో సహా
గోడ నుంచి విడదీశాం.
మూడు ఉన్ని దుప్పట్లు చుట్టాం.
హీటరు పెట్టి చట్రాన్ని నా పక్క సీట్లో కూర్చోబెట్టాను.
కుండీని ఒళ్లో పెట్టుకుని ఆవిడ చివరన ఒదిగింది.
యోవ్నా వెనక పెట్టెల మధ్య వణుకుతూ వచ్చాడు.

"బతుకుతుందా?" అని అడిగాను దారిలో.
గున్‌బోర్గ్ చప్పుడయ్యేలా ఊపిరి లోపలికి లాగింది.
మా వైపు అవునంటే అంతే.
కొత్తవాళ్లు ఉలిక్కిపడిందనుకుంటారు.

కొత్త ఊళ్లో మూడో అంతస్తు.
చట్రాన్ని గోడకి ఆనించాం.
ఇప్పుడా కిటికీలోంచి చూస్తే
తెల్ల గోడ కనిపిస్తుంది.

జూన్‌లో నా సీటు కింద గరిటె దొరికింది.
తీసుకెళ్లి ఇచ్చాను.
మొగ్గలన్నీ రెండు వారాల్లో రాలిపోయాయని చెప్పింది,
వాన పడిందని చెప్పినట్టు.
సాసర్లో దాచిన ఎండు గింజల్ని చూపించి
కాఫీ పోసింది.
ఆ బోడి కొస హీటరు గొట్టాన్ని పట్టుకుని ఉంది.

వచ్చేటప్పుడు ఆవిడే కత్తెర తీసింది.
రెండాకుల ముక్క, తడి న్యూస్‌పేపర్లో చుట్టి ఇచ్చింది.
"నాకు మాయ్-బ్రిట్ ఇచ్చింది.
ఆవిడకెవరిచ్చారో అడగడం మర్చిపోయాను."

నా వంటింట్లో అది ఏడాదంతా
రెండాకులతోనే కూర్చుంది.
చీకటి నెలలో రెండుసార్లు నీళ్ల గ్లాసు ఎత్తి
నేనే తాగేశాను.

నిన్న చూస్తే కణుపు దగ్గర ఒక సన్నని కొస,
ఆకు లేదు, ఏమీ లేదు,
ఫ్రిజ్ వైపు తిరిగి ఉంది.
జానెడు దూరం ఉంటుందేమో.

ఫ్రిజ్‌ని కొంచెం ఇటు జరపాలా అని
ఆలోచిస్తున్నాను.