పేరు పెట్టి ఏడవకూడదు

ఏడవడానికీ ఒక పద్ధతుందని
నలభై మూడో ఏట తెలిసింది నాకు.

కరేలియాలో, మా సరస్సు ఒడ్డున,
పోయినవాళ్ళని పేరు పెట్టి ఏడవకూడదు.
"తెప్పానా" అన్నానో లేదో
ఓగోయి ముసలమ్మ నా నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది.
ఉల్లిపాయ వాసన, పడవ తారు వాసన.
"పేరంటే తలుపు తట్టడమే పిల్లా,
వాడు లేచొస్తే ఏం చేస్తావ్?
అడవిని అడుగు. అరువిస్తుంది."

అరువు తెచ్చుకోవడం నేర్పింది.
భర్త అనకూడదు,
నా మీదికొచ్చే గాలికి అడ్డం నిలిచిన పైన్ చెట్టు అనాలి.
నేను అనకూడదు,
కొమ్మ ఊడిన ఆల్డర్ ఆకు అనాలి.
సమాధి అనకూడదు,
వడ్రంగి కిటికీ పెట్టడం మరిచిన ఇల్లు అనాలి.
మూడు వారాలు ఆమె పొయ్యి దగ్గర కూర్చుని
అప్పజెప్పాను, బళ్ళో ఎక్కాల్లాగా.

నిజం చెప్పాలంటే ఒళ్ళు మండింది.
తెప్పాన పైన్ చెట్టు కాడు.
గురక పెట్టేవాడు.
హువోతరికి వల డబ్బులు బాకీ.
రొట్టె మధ్యలో మెత్తన తిని
అంచులు నా పళ్ళెంలోకి తోసేవాడు.
ఇరవై ఏళ్ళు తోశాడు. ఇరవై ఏళ్ళు తిన్నాను.
ఏప్రిల్ మంచు మీద నడవొద్దని
తొమ్మిదిసార్లు చెప్పాను,
ఏ చెట్టు పోతుంది అలా, మాట వినకుండా?

"హంస అని మాత్రం అనను" అన్నాను.
"హంసలు తిరిగొస్తాయి."

ఓగోయి నవ్వలేదు, కోప్పడలేదు.
చేతిలో చేపను తిప్పి
రెండోవైపు పొలుసు గీకింది.
"అయితే నీ మాట నువ్వే వెతుక్కో.
నా కొడుక్కి నేను పదకొండేళ్ళు వెతికాను."
ఏం దొరికిందని అడిగాను.
చెప్పలేదు.
అది తనకీ వాడికీ మధ్య మాటట.

ఆ ఏడాది నేను ఏడవలేదు.
కట్టెలు కొట్టాను. ఆవుకి గడ్డి వేశాను.
రెండు బస్తాల బంగాళదుంపలతో హువోతరి బాకీ తీర్చాను.
రాయిరా ఆవిడ, అనుకున్నారు ఊళ్ళో.
చూడండి, నన్ను తిట్టడానిక్కూడా
వాళ్ళు నేల మీంచే ఏరుకోవాల్సొచ్చింది.
అతని కోటు అటకెక్కించాను.
గొడ్డలి మార్చుకున్నాను.
బోర్లించిన పడవ కనిపించకుండా
నీళ్ళకి చుట్టుదారిన వెళ్ళాను.
దూరం జరిగితే కరుగుతుందనుకున్నాను.

మార్చి చివర్లో
స్లెడ్జి లాక్కుంటూ బర్చ్ తోపులోకి వెళ్ళాను.
తొడలదాకా మంచు, ఇనుములా ఇంకా.
కానీ ప్రతి చెట్టు మొదట్లో
గుండ్రంగా ఒక గుంట.
అడుగున నిరుటి ఆకులు, తడి నేల,
ఒకచోట సిగ్గులేకుండా పచ్చగా
చలికాలమంతా మంచుకింద బతికిన లింగన్ ఆకు.

ఏటా చూస్తున్నదే. ఎన్నడూ చూడలేదు.
నల్లబడ్డ మొదలు ఎండని కొంచెం కొంచెంగా తాగి
తనని ఆనుకున్న మంచునే
ముందు వదిలించుకుంటుంది.
ఖాళీ మైదానంలో ఇంకా నెలరోజులు పడుతుంది.
చెట్టు ఉన్నచోటే
ముందు కరుగుతుంది.

గుంట చుట్టూ మిగిలిన మంచు
గట్టిగా, గోధుమరంగు తిరిగి,
ఎవరో తినకుండా వదిలేసిన
రొట్టె అంచులా ఉంది.

గుంటలోకి దిగి కూర్చున్నాను.
సరిగ్గా పట్టాను.
అక్కడ ఒక మాట అన్నాను.
ముసలమ్మ నేర్పిన రాగం కాదు,
ఆవుని అదిలించే గొంతే, పగిలిపోయి.
అందులో చెట్టుంది, రొట్టుంది.
మిగతాది చెప్పను.

చీకటిపడ్డాక వాకిట్లో ఓగోయి.
నా లంగాకి అంటిన తడి ఆకుల్ని చూసింది.
"దొరికిందా?"
"ఊఁ."
ఇంకేం అడగలేదు.
కట్టెల్లో మూడు తీసుకుని, పచ్చివని సణుక్కుంటూ
తన ఇంటికి పోయింది.

ఆ రాత్రి రొట్టె కాల్చాను.
అలవాటుగా అంచులు తిన్నాను.
మధ్యలో మెత్తన పళ్ళెంలో ఉండిపోయింది,
చాలాసేపు.

తర్వాత అదీ తిన్నాను.