ఒకే వాసన

మారతహళ్ళిలో రెండో అంతస్తు.
ఏసీ చల్లదనం పోకుండా కిటికీలకు స్క్రూలు బిగించారు.
అక్కడ నేను జుట్టు సాఫు చేస్తాను.
కాలుతున్న పటకారు తగలగానే
వంకీలు పడుకుంటాయి, పొగ లేస్తుంది.
కుర్చీలో అమ్మాయి కళ్ళు మూసుకుంటుంది.
నేను మూసుకోలేను,
వేలు తప్పితే చెవి కాలుతుంది.

డబ్బా మీద ఆకుపచ్చ ఆకు,
‘ఫార్మాలిన్ లేదు’ అని బంగారు అక్షరాలు.
రెండు మాస్కులు కట్టుకుని లాల్‌రిన్ నవ్వేది:
"లేకుండానే ఇంత ఏడిపిస్తే
ఉంటే ఇంకెంత ఏడిపించేదో అక్కా!"
డిసెంబర్లో దగ్గుకుంటూనే ఐజ్వాల్ రైలెక్కింది.
ఆమె ఇనుప తోక దువ్వెన
నా డ్రాయర్లో ఉండిపోయింది.

ఓబులేసుది పెద్దాసుపత్రి, శవాల గదిలో పని.
పెళ్ళైన కొత్తలో
తలమీద నీళ్ళు పడనిదే గడప తొక్కనిచ్చేదాన్ని కాదు.
మొన్న నన్ను ఆయనే తలుపు దగ్గర ఆపాడు.
జడ అందుకుని వాసన చూశాడు,
తెలిసిన మనిషి పేరు గుర్తుకు తెచ్చుకుంటున్నట్టు.
"నువ్వూ మా గదికే పోయొస్తున్నావా ఏంది?"
అన్నాడు. నవ్వలేదు.

ఫిర్యాదు ఎవరు రాశారో
నేనడగలేదు, ఆయన చెప్పలేదు.
ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది, చేతిలో గొడుగు, సంచిలో లక్క.
సరుకు నాలుగు పాళ్ళు చేసి సీలు వేసింది.
దివాకర్ శెట్టి కాఫీ తెప్పించాడు, ఆమె ముట్టలేదు.
పోతూ పోతూ ఒకసారి దగ్గి
"మీరెన్నేళ్ళుగా చేస్తున్నారు?" అనడిగింది నన్ను.
ఆరేళ్ళంటే
ఆ అంకె రాసుకోవడానికి ఫారంలో గడి లేదు.

కాగితం ఏడు నెలలకు వచ్చింది:
ఫలానా బ్యాచ్ ప్రమాణాలకు తగినట్టు లేదు.
ఫలానా బ్యాచ్ అప్పటికే
ఎందరి వీపుల మీదో నిటారుగా వేలాడుతోంది.
ఖాళీ డబ్బాలో మేం పిన్నులు వేసుకుంటున్నాం.
పీణ్యలో ఆ విలాసానికి తాళం.
కొత్త డబ్బా వచ్చింది,
పేరు వేరు, ఆకు అదే.

ఇవాళ ఒక పెళ్ళికూతురు
అద్దంలోంచి నన్ను చూసి అడిగింది:
"ఇది మంచిదేనా అక్కా?"
నోటిదాకా వచ్చిన మాటకు నెల జీతం అడ్డు నిలబడింది.
"అమ్మా, కొంచెం ఆగు" అన్నాను.

లాల్‌రిన్ దువ్వెన తోక
స్క్రూ గాడిలో సరిగ్గా పట్టింది.
ఒకటి ఊడింది.
రెండోది తుప్పు పట్టి కదల్లేదు.

రేపు కొంచెం కొబ్బరినూనె తెస్తాను.