సున్నం చేయి

మా తాత మస్తానయ్య
నెల్లూరు నుంచి తెచ్చుకున్నవి రెండే:
పీరు మొక్కుకి పెట్టిన పేరు, ఈత కుంచె.

అంగప్ప నాయకన్ వీధి మసీదుకు
రంజాన్ నెలవంక లోపు,
కందకోట్టం ప్రహరీ ఎర్రచారల నడుమ
తైపూసం లోపు,
అదే బకెట్టు, అదే చిటికెడు నీలిమందు.

ఆర్మీనియన్ వీధి చర్చిలో
మొక్కేవాళ్లెవరూ మిగల్లేదు.
"ఎవరి కోసం తాతా ఈ తెలుపు?"
"గంట మోగుతోందిగా" అన్నాడు.

తనేమో ఎక్కడా చేతులు జోడించలేదు.
జోడించమని ఎవరూ అనలేదు,
కూలీ తగ్గించలేదు.

పొద్దుగూకాక బీచ్ స్టేషన్ కొళాయి కింద
పగిలిన వేళ్లు కడుక్కునేవాడు,
బూతులు తిట్టుకుంటూ.

ఇప్పుడా వీధుల్లో ఎండకు తాళలేక
ఏదో గోడకు ఆనుకుంటాను.
చొక్కా వీపు తెల్లబడుతుంది.
దులపను.