వెనక కొలత

మెడ కింది ఎముక కాడికెల్లి
నడుము దాకా నేనెంతుంటనో నాకు తెల్వదు.
ఇరవై మూడేండ్ల సంది మనామా బజారుల
అందరి వీపులు కొలిచిన.
టేపు మాత్రం నా మెడలనే ఏలాడింది.

గూనున్న ముసలి గిరాకి వస్తే
నోటితోని ఏమీ అనకపోదును.
వెనక ముక్క రెండించులు పొడుగు కోసేది, గంతే.
లేకుంటే తోబు అంచు లేచి
మడమలు బయటపడ్తయి, ఇజ్జత్ పోతది.
"ఓదెలు కత్తెరల నేను నిటారు" అనేటోడొకాయన,
ఖర్జూరాల పొట్లం బల్ల మీద పెట్టి.

మా నాయిన సిరిసిల్లల మగ్గం గుంతల వంగిండు,
నేను ఈడ మిషను మీద.
కాని బడిల్నే మొదలైంది ఈ వంపు.
"సక్కగ నిలవడరా" అని సారు స్కేలుతోని పొడిచేటోడు.
బద్ధకం కాదది అని చెప్పెటందుకు
నలభై ఏండ్లు పట్టింది, ఒక ఫోటో పట్టింది.

ఛాతి సుట్టూ ఎవలో పట్టీ బిగిస్తున్నట్టుండె.
బనీను ఇరుకైందనుకొని కొత్తవి మూడు కొన్న.

తర్వాత చెప్పు జారింది.
జారితే కాలు చెప్పాలె గద.
చెప్పలె.
ఆగస్టు నెల, పగటి రెండు,
కాలిన డాంబరు మీద
ఒక్క చెప్పుతోని సగం బజారు నడిచిన.
షఫీకుల్ ఉరికొచ్చి అంగి గుంజి కూసుండబెట్టిండు.
అరికాలి బొబ్బలు చూసి ఆడు ఏడ్చిండు.
నేనేమో ఎవలదో కాలు చూసినట్టు చూసిన.

ఇద్రీస్ డాక్టరు తెర మీద వేలు పెట్టి
"డెబ్బై ఎనిమిది" అన్నడు.
నాకు ఇంచులే మతికొచ్చినయి. డిగ్రీలట.
వంపు కొసకు, తెల్లటి నీళ్ళ నడుమ,
బూడిద రంగు పోగొకటి
ఎముకకు ఒరిగి నలిగి సన్నబడ్డది.
మన తాన దాన్ని వెన్నుపాము అంటరు.
పేరు పెట్టినోడు కాటుకే భయపడ్డడేమో,
పుట్ట వంగితే పాము నలుగుతదని తలువలేదు.

పోగు తెగితే అతుకుడు మా కులవిద్య.
"దీన్ని అతుకరాదా సార్?" అంటే
ఆయన నవ్వలె.
"తెగకముందే బరువు తీయాలె" అన్నడు.
కడ్డీలు రెండు, మరలు పద్నాలుగు.
నడుస్తనా అంటే, చూద్దాం అన్నడు.
కఫీలు కాగితం మీద సంతకం పెట్టిండు,
పెట్టేముందు ఈదు ఆర్డర్లెన్ని మిగిలినయో అడిగిండు.

రేపు పొద్దుగాల పోవాలె.
ఈ రాత్రి షట్టరు సగం దించి
టేపు షఫీకుల్ చేతికిచ్చిన. "పట్టు, మెడ కాడికెల్లి."
వాని వేలు గూనెక్కి మెల్లగ దిగింది.
అంకె చెప్పిండు.
"ఆపరేషనయినంక ఎంతుంటది ఉస్తాద్?"
ఏసీ నీళ్ళు బకెట్ల చుక్క చుక్క పడ్తున్నయి.

తెల్ల గుడ్డ మీద సుద్ద గీత గీసి, చెరిపి,
మల్ల గీసి కోసిన.
కింది అంచు నాలుగేళ్ళ మందం లోపలికి మడిచి
కచ్చాకుట్టు ఏసిన,
యాభై రెండేండ్ల నాకు,
ఎదిగే పిలగానికి ఏసినట్టు.