ఐదో రోజు నీళ్లు

గితున్‌గురి ఎర్రమట్టి దారి మలుపులో
నా బండి ఆగకముందే గథోని గొంతు ఎదురొచ్చింది:
"పద్నాలుగు పోయాయి డాక్టరమ్మా.
మిగతావి రెక్కలు వేలాడేసుకుని
తడిసిన దుప్పట్లలా కూచున్నాయి."

షెడ్డు తలుపు తీయగానే వాసన.
పొట్టు మీద నురగ కట్టిన గోధుమరంగు రెట్ట.
అప్పుడే ప్రాణం పోయినదాన్ని ఒకదాన్ని తీసుకున్నాను,
ఇంకా వెచ్చగానే ఉంది.
అవకాడో చెట్టు కింద మేతబస్తా పరిచి కోశాను.

పేగులు లెక్కపెడతానని బెదిరించేవాళ్లు ఉంటారు.
నా బతుకుతెరువే అది.
గాలితో ఉబ్బి, ముట్టుకుంటే చిరిగేంత పలచన.
చీల్చి చూస్తే లోపల
పాత టర్కీ తువ్వాల్లా పచ్చగా, గరుగ్గా.
"ఇంత పొడుగుందా లోపల?" అన్నాడు
ఆమె మనవడు గిచూరు, ముక్కు మూసుకుని.
ఉంది నాయనా, నీకూ నాకూ కూడా.
అందులో కంటికి కనబడని కాపురాలు ఎన్నో.
మేత మారి, పొట్టు తడిసి,
ఒకటి బలిసి ఇల్లంతా నాదే అనేదాకా
ఎవరి గది వాళ్లదే.

పొట్లం ఇచ్చాను. లెక్క రాసిచ్చాను:
కోళ్ల బరువు, నీళ్ల కొలత,
పొద్దున్నే రెండు గంటలు దాహంగా ఉంచి
అప్పుడు మందునీళ్లు. ఏ రోజువి ఆ రోజే కలపాలి.
ఐదు రోజులు.
ఐదంటే ఐదు.

"మరి గుడ్లు?"
ఈ ప్రశ్న వస్తుందనే
చేతులు కడుక్కోవడం సాగదీస్తున్నాను.
మందు పెట్టినన్నాళ్లూ వద్దు.
ఆపైన చీటీ మీద రాసిన ఏడు రోజులూ వద్దు.
అమ్మొద్దు, తినొద్దు, ఊరికే కూడా ఇవ్వొద్దు.
ఆమె పెదాలు కదిలాయి.
పన్నెండు రోజులు, రోజుకి ఐదు ట్రేలు...
లెక్క స్కూలు ఫీజు దాకా వెళ్లి ఆగిపోయింది.

మూడో రోజు చీకటితోనే ఫోను.
"లేచాయి! ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి కూడా!
మిగిలిన పొడి దాచుకోనా?
మళ్లీ వస్తే పనికొస్తుంది."

నాకు కోపం రాలేదు.
మా అక్క కొడుకు సంగతి చెప్పాను.
థీకా ఆస్పత్రిలో పదకొండు రాత్రులు దిగని జ్వరం.
పరీక్ష కాగితం మీద వరసగా మందుల పేర్లు,
ఎదురుగా ఒకే మాట:
పనిచేయదు, పనిచేయదు, పనిచేయదు.
అట్టడుగున ఒక్కటి మిగిలింది.
దానికోసం మా బావ రాత్రికి రాత్రి నైరోబీ పరిగెత్తాడు.
అది కోళ్ల మందు వల్లేనా? నాకు తెలీదు గథోనీ.
తెలుసని అబద్ధం చెప్పను.
కానీ సగం కొట్టి వదిలేసిన పాము గురించి
మీ ఇంట్లోనూ ఏదో సామెత ఉండే ఉంటుంది.

ఫోన్లో కాసేపు కోళ్ల అరుపులే.
"ఉంది," అంది. పెట్టేసింది.

ఐదో రోజు పిలవకుండానే వెళ్లాను.
నీళ్ల డ్రమ్ము మీద మూత, మూత మీద రాయి.
ఖాళీ పొట్లాన్ని తిరగేసి దులిపి
గుంజకి మేకుతో గుచ్చింది,
నా కంటికి ఆనాలనే.
పెరట్లో గొయ్యి.
గిచూరు ఒక్కొక్క గుడ్డూ లోపలికి విసురుతున్నాడు,
నూట నలభై, నూట నలభై ఒకటి...
కుక్క గొలుసు తెంచుకునేలా గింజుకుంటోంది.
పచ్చసొన మట్టిలో ఇంకలేక నిలబడిపోయింది.

"వంగిగే మార్కెట్టు నుంచి ఒకడొచ్చాడు," అంది గథోని.
"సగం ధరకి పట్టుకెళతానన్నాడు. ఎవరికీ చెప్పనన్నాడు."
"మరి?"
"వీడికి లెక్కలు బాగా వస్తాయి," అంది మనవణ్ని చూపించి.
"గోడమీద బొగ్గుతో రోజులు గీస్తున్నాడు.
వీడి ముందు ఎలా తప్పేది?"

పదమూడో రోజున
నా బాకీ తీర్చడానికి వచ్చింది.
కాగితంలో చుట్టిన ఉడికించిన గుడ్డు ఒకటి, చిటికెడు ఉప్పు.
తినేదాకా ఎదురుగా నిలబడింది.
ఆ తర్వాతే నోట్లు లెక్కపెట్టి ఇచ్చింది,
గుడ్డు ధర
మినహాయించుకుని.